పర్లాకిమిడిలో నెలకో ఆట: తెరకి అతుకు, పద్యానికి వన్స్‌మోర్

నాది బట్టలు కుట్టే దుకాణం. అందుకని మా వీధి చివర కల్యాణ మండపంలో నెలకోసారి తెర మీద సినిమానో నాటకమో వేసే ఆటకి వెళ్తే నా చూపు ముందు తెరగుడ్డ మీదకే పోతుంది. ఆరడుగుల ఎత్తు, పదడుగుల పొడుగు ఉంటుంది. రెండు పన్నాల తెల్లగుడ్డని నడిమికి అతికారు. కుట్టినవాళ్ళెవరో గానీ మిషను మీద దారం టెన్షన్ బాగా బిగించేశారు, అతుకు పొడుగునా గుడ్డ ముడుచుకుపోయింది. పోయిన నెల రాయబారం నాటకంలో కెమెరా బొమ్మని దగ్గరికి లాగినప్పుడు ఆ అతుకు సరిగ్గా కృష్ణుడి నోటి మీదకొచ్చింది. పద్యం ఎత్తుకుంటే పైపెదవి ఒక గుడ్డ మీద, కింది పెదవి ఇంకో గుడ్డ మీద. మా పక్కావిడకి అదేం కనబడలేదట. నాకు కాసేపు అదొక్కటే కనబడింది.

అయినా ఒక్క ఆట కూడా మానలేదు.

ఇక్కడ ఒక నెల పాత సినిమా వేస్తారు, ఒక నెల శ్రీకాకుళం వైపు ఎక్కడైనా ఆడే పద్యనాటకాన్ని నెట్ మీద లైవ్‌లో చూపిస్తారు. మనిషికి 40 రూపాయలు, పిల్లలకి టికెట్ లేదు. నాటకానికైతే ఆడేవాళ్ళని ముందే అడిగి, ఒప్పుకుంటేనే పెడతారు. సినిమాలు మరీ పాతవేస్తారేమిటని అడిగితే ఆట నడిపే కుర్రాళ్ళు చట్టం చెప్పారు. మన దేశంలో సినిమాకి కాపీరైట్ 60 ఏళ్ళట, అది దాటినవైతే పేచీ ఉండదని. ఆ లెక్కన వాళ్ళకి సరుకుకి లోటు లేదు. తెలుగు టాకీ 1932లో వచ్చింది, ఒరియా టాకీ 1936లో. ఆ 1936లోనే ఒడిశా ఏర్పడి మా పర్లాకిమిడి అందులో కలిసింది. ఒక నెల తెలుగు సినిమా వేస్తే మరోసారి ఒరియాది వెయ్యండ్రా అంటే మాత్రం మంచి కాపీ దొరకటం లేదంటారు. మా పక్కావిడది ఒరియానే, ఆవిడ తరఫున నేనే అడుగుతుంటాను.

అసలు చెప్పుకోవలసింది నాటకం గురించి. మా మావగారికి డెబ్బై ఎనిమిది. ఆయన దృష్టిలో పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనకపోవటం నటుణ్ణి అవమానించటమే. ఆ రోజు అర్జునుడు రాగం ఎత్తుకుని ఒక్క గుక్కన అంత సేపు లాగేసరికి ఈయన కుర్చీలోంచి లేచి తెర వైపు "వన్స్‌మోర్!" అని కేకేశారు. ముందు చాపల మీద పిల్లలు పకపకా నవ్వారు. కాసేపటికి తెర మీద అర్జునుడు హార్మోనియం ఆయన వైపు తిరిగి తలాడించి, మళ్ళీ అదే పద్యం అందుకున్నాడు. మావగారు నా వైపు తిరిగి, "చూసావేటమ్మా, మన కేకకే పాడాడు" అన్నారు.

నిజానికి లైవ్ అంటారు గానీ బొమ్మ అర నిమిషం ఆలస్యంగా వస్తుంది. మా వరసలో ఒకావిడ కొడుకు అక్కడి హాల్లోనే కూర్చున్నాడు. "అమ్మా, రెండోసారి కూడా ఎత్తుకున్నాడు" అని వాడు ఫోన్ చేసేసరికి మా అర్జునుడు మొదటిసారే ఇంకా పూర్తి చెయ్యలేదు. ఈ సంగతి మావగారికి చెప్పలేదు.

లండన్‌లో నేషనల్ థియేటర్ వాళ్ళు 2009 నుంచి నాటకాలు సినిమా హాళ్ళకి పంపుతున్నారని, నాలుగైదు వైపుల కెమెరాలు పెట్టి, కెమెరాల కోసం వేరేగా రిహార్సల్ కూడా చేస్తారని నిర్వాహకుల్లో ఒకబ్బాయి గొప్పగా చెప్పాడు. మనకి వచ్చేది వెనక స్టాండు మీద పెట్టిన ఒక్క కెమెరా. కుడివైపు దుర్యోధనుడు మీసం తిప్పుతుంటే అది ఎడమవైపు ఖాళీ సింహాసనాన్ని చూపిస్తూ ఉంటుంది. అది తిరిగేలోపు మీసం అయిపోతుంది.

సౌండ్ సంగతి. పెళ్ళిళ్ళ మండపం కదా, మాటలు గోడలకి కొట్టుకుని కలగాపులగం అవుతాయి, పద్యాలు మాత్రం బాగా వినబడతాయి. మూడో వరసలో ఎడమవైపు స్తంభం పక్కన కూర్చోండి, అక్కడ కాస్త నయం. ఫ్యాను కింద వద్దు, ఆ గాలికి తెర ఊగి యుద్ధం మొదలవకుండానే రథం కదులుతుంది. కరెంటు పోతే ప్రొజెక్టర్‌కి ఇన్వర్టర్ ఉంది గానీ నెట్ పెట్టెకి లేదు. అందుకని బొమ్మ కదలకుండా ఆగిపోతుంది, ఎవరో ఒకరు ఫోన్‌లో నెట్ ఇచ్చేదాకా భీముడు గద ఎత్తే ఉంటాడు. పోయిన నెల అలా పది నిమిషాలు. ఈలోగా బయట బండి దగ్గర బరా (గారెల్లాంటివి), ఘుగుని (బఠాణీ కూర) తినేసి వచ్చాం, కాబట్టి దీనికి మార్కులు తగ్గించను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. తెర బాగుంటే నాలుగు. "గుడ్డ తెచ్చి పడెయ్యండి, విప్పి సాపుగా కుట్టిస్తాను, కూలీ వద్దు" అని చెప్పాను. "ఈ ఆదివారం తెస్తామక్కా" అన్నారు. ఇప్పటికి రెండు ఆదివారాలు వెళ్ళాయి.