అత్త కొట్టిన కుండ, కోడలు కొట్టిన కుండ: ఉమ్మడి ఇంటికి ఏ సామాను మేలు?

మా ఇంట్లో తొమ్మిది మందిమి ఉంటాం. అత్తగారు, బావగారి కుటుంబం నలుగురు, మేం ముగ్గురం, ఇంజినీరింగ్ చదువుకోడానికి వచ్చి మా దగ్గరే ఉండిపోయిన ఆడపడుచు కొడుకు ఒకడు. విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. గదులు ఎవరివి వాళ్ళకున్నాయి గానీ వంటిల్లు ఒక్కటే, సింకు ఒక్కటే, టీ గ్లాసులు పెట్టే అలమరా ఒక్కటే. ఇన్ని చేతులు తిరిగే చోట నెలకి ఏదో ఒకటి పగలకుండా ఉండదు.

పగిలినందుకు నాకు పెద్ద బాధ లేదు. ఆ తర్వాత జరిగే విచారణ ఉంది చూశారూ, అదీ బాధ. ‘అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ’ అని సామెత. మా అత్తగారి చేతిలో ఏది జారినా “పాతదేలే” అయిపోతుంది. నా చేతిలో జారితే అది మొన్ననే కొన్నది. తోడికోడళ్ళ మధ్యకి వచ్చేసరికి లెక్క ఇంకా సున్నితం. పగిలింది ఇంటి డబ్బుతో కొన్నదా, అక్క పుట్టింటివాళ్ళు పెట్టిందా అన్నదాన్ని బట్టి ఆ సాయంత్రం వంటింట్లో మాటలుంటాయో లేదో తేలుతుంది.

అందుకని గాజా, పింగాణీయా, స్టీలా, ఇత్తడా అని నేను బేరీజు వేసేటప్పుడు ధర, అందం తర్వాత. కింద పడితే ఎంత గొడవ అన్నదే ముందు చూస్తాను.

గాజుతో మొదలుపెడతాను, ఎక్కువ పోయింది అందులోనే కాబట్టి. కిందటి ఉగాదికి ఆరు గ్లాసుల సెట్టు కొన్నాం. అడుగు దళసరిగా, చేతికి బరువుగా ఉంటే గట్టివే అనుకున్నాం. దసరా నాటికి రెండు మిగిలాయి. పోయినవాటిలో ఒకటి నా కళ్ళముందే పోయింది. పొద్దున్నే చన్నీళ్ళతో కడిగిన గ్లాసులో, పొయ్యి మీంచి అప్పుడే దింపిన టీ పోశాను. ‘టిక్’ అని చిన్న చప్పుడు, అంతే. గ్లాసు ఎత్తితే పైభాగం చేతిలోకి వచ్చింది, అడుగు మాత్రం రూపాయి బిళ్ళలా గట్టు మీదే ఉండిపోయింది. టీ నెమ్మదిగా గ్రానైటు మీద పరుచుకుని, అక్క తరుగుతున్న బీరకాయ ముక్కల కిందకి పోయింది.

మామూలు గాజులో వేడి తొందరగా పాకదు. టీ తగిలిన లోపలి వైపు వేడెక్కి సాగుతుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకి చీలుతుంది. అడుగు ఎంత దళసరిగా ఉంటే ఆ తేడా అంత ఎక్కువ. అంటే మేం గట్టిదనం అనుకుని డబ్బులు పోసి కొన్నదే దాని లోపం. ‘బోరోసిలికేట్’ అని రాసి ఉన్న గాజు వేడికి సాగేది మామూలు గాజులో మూడో వంతే. లాబొరేటరీల్లో వాడేది అందుకే. అందులో మరిగే టీ పోసినా ఏమీ కాదు. కానీ టైలు మీద పడితే అదీ పగులుతుంది. షాపులో మాత్రం వేడికి ఆగడం, పడితే ఆగడం రెండూ కలిపేసి “ఇది పగలదమ్మా” అనేస్తారు.

పాలలా తెల్లగా ఉండే ఓపల్ గాజు కంచాల సెట్లు ఇప్పుడు పెళ్ళిళ్ళలో కానుకగా బాగా వస్తున్నాయి. టెంపర్ చేసినవైతే వాటి గట్టిదనం నిజమే. గాజుని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పై పొర నొక్కుడులో, లోపలి పొర లాగుడులో అలాగే ఉండిపోతాయి. చిన్నా చితకా దెబ్బలకి అందుకే లొంగదు. కానీ అంచు పెచ్చూడినా, ఇనప పీచు గీతలు లోతుగా పడినా, ఆ బిగువు ఏదో ఒక రోజు ఒక్కసారిగా వదిలేస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే కంచం ముక్కలైపోవచ్చు.

మా ఇంట్లో అదే జరిగింది. రాత్రి పదకొండింటికి స్టాండులో ఉన్న కంచం భళ్ళుమంది. ఆ సమయానికి వంటింట్లో మంచినీళ్ళు తాగుతున్నది మా మేనల్లుడు ఒక్కడే. “నేను ముట్టుకోలేదు అత్తా, దానంతటదే పగిలిపోనాది” అన్నాడు. “నీ చేతిలో మంత్రముందేటిరా” అన్నారు మా అత్తగారు. వారం రోజులు వాడి మాట ఎవరూ నమ్మలేదు, నాతో సహా. వాడు చెప్పింది జరిగే పనేనని నాకు చాలా తర్వాత తెలిసింది. దానంతటదే పగిలే వస్తువు తొమ్మిది మంది ఉన్న ఇంట్లో వద్దు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉన్న ఇంట్లో అయితే హాయిగా వాడుకోవచ్చు, అనుమానించడానికి ఒక్కరే ఉంటారు.

పింగాణీది ఇంకో తిక్క. పూర్తిగా పగిలితే ఊడ్చి పారేస్తాం. అది చాలాసార్లు పూర్తిగా పగలదు, అంచు పెచ్చూడుతుంది. పెచ్చూడిన కప్పు పారేయడానికి ఎవరికీ మనసొప్పదు, అందులో తాగడానికీ ఎవరికీ మనసొప్పదు. అలాంటి కప్పు తిరిగి తిరిగి చిన్నకోడలి చేతికే చేరుతుంది. ఆ చిన్నకోడల్ని నేనే. కాబట్టి పింగాణీ మీద నా తీర్పులో కాస్త పక్షపాతం ఉందనుకోండి. మెలమైన్ కంచాలు పడినా తట్టుకుంటాయి గానీ, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, మరిగే పులుసు పోయకూడదు. ఈ రెండు షరతులూ తొమ్మిది మందికి గుర్తుండవు.

స్టీలు పడితే ఇల్లంతా మోగుతుంది, సొట్ట పడుతుంది, మళ్ళీ కడిగి అందులోనే చోడి అంబలి పోసుకుంటాం. విచారణ లేదు. కొనేటప్పుడు మాత్రం కాస్త చూసుకోవాలి. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. చవకే, కానీ ఉప్పూ పులుపూ తగిలితే మచ్చలు తొందరగా వస్తాయి. “అయస్కాంతం అంటుకోకపోతే అదే మంచి స్టీలు” అంటూ మా బావగారు జేబులో అయస్కాంతం వేసుకుని మరీ షాపుకి వచ్చారు. 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటదు. కాబట్టి ఆ పరీక్ష సగం పరీక్షే. గిన్నె అడుగున గ్రేడు కొట్టి ఉందేమో చూడాలి, చేత్తో ఎత్తి బరువు చూడాలి. బావగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

స్టీలు పగలదు గానీ వలసపోతుంది. కూర పట్టుకుని పక్కింటికి వెళ్ళిన గిన్నె, లడ్డూలు వేసుకుని ఊరెళ్ళిన డబ్బా ఒక పట్టాన తిరిగి రావు. పేర్లు కొట్టించడం అందుకే. మా అత్తగారి పెళ్ళినాటి గిన్నెల అంచున చుక్కలు చుక్కలుగా మావగారి పేరు ఇప్పటికీ చదవొచ్చు. మనిషి లేకపోయినా గిన్నె ఎవరిదో తెలుస్తోంది.

మరి టీ? స్టీలు గ్లాసులో టీ పోస్తే వేళ్ళు కాలతాయి. పైగా మా బావగారికి టీ రంగు కనబడాలి. అందుకని టీ వరకు గాజు ఉంచాం, కానీ సెట్టు కొనడం మానేశాం. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ మా ఇంట్లో దీనితోనే సగం గొడవలు పోయాయి. సెట్టులో ఒక గ్లాసు పగిలితే “ఐదు మిగిలాయి” అని ఎవరూ అనరు, “సెట్టు పోయింది” అంటారు. టీ కొట్లలో కనిపించే గీతల గ్లాసులు సామాన్ల షాపుల్లో విడిగా దొరుకుతాయి. ఒకటి పోతే సాయంత్రం అలాంటిదే ఇంకోటి తెచ్చి పెడితే అలమరాలో తేడా తెలీదు. దాని మీద పువ్వులు లేవు, బంగారు అంచు లేదు, ఎవరి పుట్టింటిదీ కాదు.

ఇత్తడి మాట కూడా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనికి పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి చెంబు చేతిలోకి తీసుకుంటే ఆ బరువుకే ముచ్చటేస్తుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. పడితే సొట్టపోతుంది, అంతే. కంచు అలా కాదు. రాగిలో సుమారు ఐదో వంతు తగరం కలిపినది, గంటలా మోగేది అందుకే, పెళుసుగా ఉండేదీ అందుకే. మా ఇంట్లో నేల ఒకప్పుడు సిమెంటుది, ఇప్పుడు వెట్రిఫైడ్ టైల్స్ వేయించాం. వేయించిన నెలలోనే అత్తగారి కంచు పళ్ళెం జారిపడింది. చూడ్డానికి ఏమీ కాలేదు. ఆవిడ దాన్ని ఎత్తి వేలి కణుపుతో కొట్టి చూశారు. ఎప్పుడూ ఖంగుమని సాగే మోత ‘టక్’ అని ఆగిపోయింది. వెలుతురుకి పెట్టి చూస్తే అంచు నుంచి వెంట్రుకంత బీట. ఆ రోజు మాత్రం ఆవిడ “పాతదేలే” అనలేదు. ఏమీ అనలేదు.

ఇత్తడిలో పులుపు వండాలంటే కలాయి పూయించాలి, కలాయి వేసేవాళ్ళు వీధిలోకి రావడం తగ్గిపోయింది. ఉమ్మడి వంటకి అది కుదిరే పని కాదు. దేవుడి గదిలో ఉంటే బాగుంటుంది.

ఇంకో మాట. సామాను మార్చడం కంటే చవకైన పని సింకులో రబ్బరు మ్యాట్ వేయడం. మా ఇంట్లో పగిలినవాటిలో సగానికి పైగా నేల మీద పగలలేదు, సింకులోనే పగిలాయి. సబ్బు చేయి, లోపల బరువు గిన్నెలు, వాటి మధ్య గ్లాసు. తాగినవాళ్ళే గ్లాసు కడిగి బోర్లించాలి అన్న నియమం కంటే ఆ మ్యాట్ బాగా పనిచేసింది.

ఇక ఎవరు కట్టాలి అన్నది. పెళ్ళికి ముందు ఉద్యోగం కోసం శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో నలుగురు అమ్మాయిలం ఒక వాటా అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. మూడు పద్ధతులూ అక్కడ చూశాను. మొదట ‘పగలగొట్టినవాళ్ళే కొనాలి’ అన్నాం. వినడానికి న్యాయంగానే ఉంది. రెండో నెలకే పగలడం ఆగిపోయింది, వస్తువులు మాయమవడం మొదలైంది. ఒక రోజు చెత్త తీసుకెళ్ళే ఆవిడ గుమ్మంలో నిలబడి వేలు చూపించింది. పేపర్లో చుట్టి చెత్త సంచి అడుగున దాచిన గ్లాసు ముక్క కోసేసింది. “పగిలిందని ఒక మాట సెప్తే పోనా అమ్మా” అంది. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ ముక్క ఎవరు చుట్టారో ఇప్పటికీ బయటపడలేదు. నేను కాదు. అలా అని మిగతా ముగ్గురూ కూడా అన్నారు.

తర్వాత ‘ఎవరిది వాళ్ళదే’ అన్నాం. నిజం చెప్పాలంటే వస్తువులు దాదాపు పగలనే లేదు. కానీ నాలుగు మూకుళ్ళు, నాలుగు పోపుల డబ్బాలు, ఒకరి టీ మరిగేదాకా ఇంకొకరు నిలబడడం. ఇల్లు కాస్తా హాస్టల్ అయిపోయింది. చివరికి ఒక బిస్కెట్ల డబ్బాలో నెలకి తలో యాభై రూపాయలు వేశాం. ఏదైనా పోతే “గ్లాసు పోయింది” అని గట్టిగా చెప్పి, డబ్బాలోంచి తీసి కొనుక్కురావడమే. ఎవరు అన్న ప్రశ్న లేదు. జాగ్రత్తగా ఉండేవాళ్ళకి ఇందులో కాస్త అన్యాయమే. ఆ యాభై రూపాయల అన్యాయం నాకు సమ్మతమే.

అదే డబ్బా ఇప్పుడు ఈ ఇంట్లో పెట్టాను. ఇక్కడ తలా ఇంత అనడం కుదరదు, సంపాదించేవాళ్ళు, చదువుకునేవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ఇంటి ఖర్చులోంచే పక్కకి తీసి వేస్తాం. దానికి తోడు ఒక ఒప్పందం. పుట్టింటివాళ్ళు పెట్టినవి, మనసుపడి కొనుక్కున్నవి ఎవరి గది బీరువాలో వాళ్ళు పెట్టుకోవాలి. ఉమ్మడి అలమరాలోకి తెచ్చి పెట్టారంటే అది ఏదో ఒక రోజు పోతుందని ఒప్పుకున్నట్టే. అక్క తన పూల కప్పులు ఆ రోజే పైకి పట్టుకెళ్ళిపోయింది. మా ఇద్దరి మధ్యా అప్పట్నుంచి మాటలు బాగానే ఉన్నాయి.

మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి మాత్రం ఇవేవీ పనికిరావు. దసరా వెళ్ళిన తర్వాత మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఊళ్ళ నుంచి చుట్టాలు దిగి ఇల్లు కిక్కిరిసిపోతుంది. గాజంతా ముందే అటక ఎక్కించేసి, ఏజెన్సీ కొండల నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్ళు కట్టలు కట్టలుగా తెస్తాం. కడగక్కర్లేదు, పగలవు.

ఇంకా తేలనిది బాత్రూం బకెట్ ఒక్కటే. డాబా మీద ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, నీళ్ళతో ఎత్తగానే చెవి విరుగుతుంది. స్టీలు బకెట్ కొందామంటే బరువని పిల్లలు వద్దంటున్నారు. మొన్న మళ్ళీ విరిగింది. డబ్బాలో డబ్బులున్నాయి, ఎవరూ తీయలేదు, ఎవరూ చెప్పలేదు. కమ్మీ పోయిన చోట ఎవరో కొబ్బరి తాడు కట్టేసి యథాస్థానంలో పెట్టేశారు. ఎవరు విరిచారని మా ఆయన అందర్నీ అడిగారు. “పాతదే కదరా” అన్నది మాత్రం మా అత్తగారు ఒక్కరే.