డిజిటల్ కాలిపర్: రెండేళ్లు పెల్లెట్లతో వాడాక

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. కర్నూలులో మా మేడ మీది పొడవాటి హాల్లో, గోడకు గుళ్లను ఆపే ఇనుప ట్రాప్ బిగించి ప్రాక్టీస్ చేస్తుంది. టార్గెట్ మీద వరసగా పదులు కొడుతూ ఉన్నట్టుండి ఒకటి ఎనిమిదిలోకి పోయేది. పొజిషన్ బాగానే ఉంది, పెల్లెట్లు, అంటే రైఫిల్‌లో వేసే సీసపు గుళ్లు, చూడండి అన్నారు కోచ్. అందుకే 1,100 రూపాయలు పెట్టి వస్తువును దవడల మధ్య పెట్టి కొలిచే ఈ స్టీలు కాలిపర్ కొన్నాను.

మొదటి రోజే టెన్షన్ పట్టుకుంది. ఒకే డబ్బాలోని 4.5 మి.మీ. పెల్లెట్లు, పొడవు మాత్రం ఒకదానిది ఒకదానితో కలవదు. 5.36, 5.44, 5.40. అమ్మినవాళ్లకు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. సగం డబ్బా పక్కన పెట్టేశాం.

వారం తర్వాత అమ్మాయే పట్టుకుంది. "నాయనా, ఇందాక కొలిచిందే ఇప్పుడు వేరే చూపిస్తోంది" అంది. ఆ ఒక్క పెల్లెట్‌నే పదిసార్లు కొలిచాం. 0.08 మి.మీ. దాకా తేడా వచ్చింది. అదే కాలిపర్‌తో డ్రిల్ బిట్ కాడను కొలిస్తే ప్రతిసారీ ఒకటే అంకె. అంటే పరికరం సరిగ్గానే ఉంది. పెల్లెట్ సీసంది, మెత్తన. వెనకవైపు స్కర్ట్ అనే బోలు అంచు మరీ పలచన. బొటనవేలు కాస్త గట్టిగా తోస్తే అది అణిగిపోతుంది, పెల్లెట్ కొంచెం వాలినా అంకె మారిపోతుంది. దానికితోడు కాలిపర్ దవడలకు అంటిన సీసాన్ని తుడవకుండానే నేను జీరో నొక్కుతున్నాను. కొలిచి కొలిచి మంచి పెల్లెట్లను పాడుచేసింది నేనే. అమ్మినవాళ్లకు మళ్లీ ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

ఇప్పుడు పెల్లెట్లకు కాలిపర్ వాడడం మానేశాం. ముందు అద్దం పలక మీద దొర్లిస్తాం. అంచు నొక్కుకుపోయినది సాఫీగా దొర్లదు, ఎగిరెగిరి పడుతుంది. అలాంటివి పార్సిల్‌లో కుదుపులు తిన్న డబ్బాల్లోనే ఎక్కువ కనబడ్డాయి. అందుకే మేం రేంజికి తీసుకెళ్లే డబ్బాలో మూత కింద స్పాంజి పెడుతున్నాం. తర్వాత 0.001 గ్రాము చూపే చిన్న త్రాసు మీద తూస్తాం. మావి 0.53 గ్రాములవి. మరీ తేలికవి, మరీ బరువైనవి వేరుచేసి ప్రాక్టీసుకు వాడతాం. ఫ్యాను గాలికి త్రాసు నిలవదు. మే నెలలో మా ఊళ్లో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు తెలుసు, అందుకే తెల్లవారుజామునే ముగిస్తాం. పని కాగానే సబ్బుతో చేతులు కడగాలి. సీసం ఒంట్లోకి పోతే పిల్లలకు చాలా చెడ్డది, ఇందులో అశ్రద్ధ వద్దు.

కాలిపర్ వృథా ఏం కాలేదు. రైఫిల్‌లో భుజానికి ఆనే బట్ ప్లేట్ ఎత్తు, గురి చూసే సైట్ దూరం మార్చినప్పుడల్లా కొలిచి పుస్తకంలో రాసుకుంటాం, అందుకు నమ్మకంగా పనికొస్తోంది. ఇబ్బందల్లా బ్యాటరీతోనే, ఆఫ్ చేసినా అరిగిపోతుంది. తీసి పెట్టుకుంటే మేలు.

ఎనిమిదులు ఇప్పుడు అరుదు. డబ్బా మారినప్పుడు మాత్రం టార్గెట్ మీద గుళ్లు పడే గుంపు కొద్దిగా పక్కకు జరుగుతోంది. అందుకే పోటీలకు ముందు ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన) డబ్బాలు నాలుగైదు కలిపి తెప్పిస్తున్నాం.