విదేశీ యాత్రకు నెలవారీ కంతులు: యాత్ర బాగుంది, పథకం అక్కర్లేదు

విజయనగరంలోని ఒక ప్రయాణ సంస్థ ద్వారా మేం నలుగురు స్నేహితురాళ్లం 2025 మే నెలాఖరులో సింగపూర్, మలేషియా వెళ్లి వచ్చాం. ఆ సంస్థ అమ్మేవి రెండు. ఒకటి యాత్ర, రెండోది ఆ యాత్ర కోసం నెలనెలా డబ్బు కట్టించుకునే పథకం. మేం మొదటిది తీసుకుని రెండోది వద్దనుకున్నాం. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. దాదాపు ఇవే షరతులున్న పథకాలు శ్రీకాకుళంలో ఒకచోట, విశాఖపట్నంలో రెండుచోట్ల చూశాం కాబట్టి తప్పంతా ఒక్కరి నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

మాలో ఒకరు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, ఒకరికి శ్రీకాకుళంలో చీరల కొట్టు ఉంది, ఒకరు గృహిణి, నేను ఒక ప్రైవేటు కళాశాల కార్యాలయంలో గుమాస్తాను. డిగ్రీ చదివే రోజుల్లో అనుకున్న ప్రయాణాన్ని నలభై అయిదు దాటాక, 2023 మే నెలలో, కాగితం మీద పెట్టాం. దసరా సెలవుల్లో వెళ్దామంటే ఒకరికి కొట్టు వ్యాపారమంతా అప్పుడే, మరొకరు పైడితల్లమ్మ సిరిమానోత్సవం విడిచి ఊరు దాటనన్నారు. మిగిలింది వేసవి. మనిషికి నెలకు అయిదు వేల చొప్పున రెండేళ్లు దాస్తే సరిపోతుందని లెక్క వేసుకుని, ఆ డబ్బు ఎక్కడ దాచాలో తేల్చుకోవడానికి వెళ్లినప్పుడే సంస్థవారు తమ పథకం ముందుంచారు.

పథకం బంగారం కొట్లవారి నెలవారీ పథకాల తీరులోనే ఉంది. మనం 23 నెలలు అయిదేసి వేలు కడితే, 24వ కంతు సంస్థ కడుతుంది. వినడానికి అయిదు వేలు ఊరికే వచ్చినట్టుంటుంది. కానీ వెనకవైపు చిన్న అక్షరాల్లో మూడు షరతులున్నాయి. యాత్ర ధర చేరిన రోజుది కాదు, టిక్కెట్టు తీసే రోజుది. మధ్యలో మానేస్తే కట్టినదాంట్లో 15 శాతం మినహాయించుకుంటారు. మిగిలినది కూడా నగదుగా ఇవ్వరు, ఏడాదిలోగా మరో యాత్రకు సర్దుబాటు చేస్తారు. ఇది చదివి మా కొట్టావిడ అక్కడే, వాళ్లు వింటుండగానే, "డబ్బులాడికిచ్చేసి మళ్లీ టిక్కెట్టు కోసం మనం తిరగడమేటే?" అంది. సంస్థ యజమాని నవ్వేసి టీ తెప్పించారు కాబట్టి సరిపోయింది.

ఆ మాట వెనకున్న లెక్క చెప్తాను. అప్పట్లో రెండేళ్ల రికరింగ్ డిపాజిట్‌కు మా బ్యాంకు ఏడు శాతం వడ్డీ ఇస్తోంది. నెలకు 5,000 చొప్పున 24 నెలలు కడితే అసలు 1,20,000, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తూ పోతే చేతికి వచ్చేది సుమారు 1,29,100. అంటే బ్యాంకు ఇచ్చేది తొమ్మిది వేల పైచిలుకు, సంస్థ ఇస్తానన్నది అయిదు వేలు. పైగా బ్యాంకులో డబ్బు మన పేరు మీద ఉంటుంది, అయిదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, యాత్ర రద్దయినా ఆ డబ్బు ఏ పనికైనా పనికొస్తుంది. ప్రయాణ సంస్థకు ముందుగా కట్టిన డబ్బుకు అలాంటి రక్షణ ఏదీ లేదు. డిపాజిట్ల కంపెనీలు మూతపడి చేతులెత్తేసిన కథలు మా వైపు ప్రతి వీధిలోనూ వినబడతాయి కాబట్టి, ఈ తేడా ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ సంగతీ కనుక్కున్నాం. నెలకు వంద రూపాయల నుంచి మొదలుపెట్టగలగడం మంచిదే గానీ, దాని గడువు అయిదేళ్లు. మూడేళ్లు నిండాకే ముందుగా మూయనిస్తారు, అప్పుడు సేవింగ్స్ ఖాతా వడ్డీయే దక్కుతుంది. రెండేళ్ల యాత్రకు అది కుదరదు. మా ఉపాధ్యాయిని చీటీ వేద్దామన్నారు. రిజిస్టరైన చీటీలో నిర్వాహకుడి కమీషన్ గరిష్ఠంగా ఏడు శాతం ఉండవచ్చు. చివరిదాకా పాడకుండా ఉన్నవాళ్లకు లాభమే కావచ్చు, కానీ నలుగురం ఒకే నెలలో డబ్బు తీసుకోవాలంటే చీటీలో అది సాధ్యం కాదు. వాదన అక్కడితో ఆగింది.

నలుగురం వేర్వేరు పేర్లతో, ఒకే రోజు, ఒకే బ్యాంకులో ఖాతాలు తెరిచాం. ఉమ్మడి ఖాతా తెరవకపోవడం మేం చేసిన తెలివైన పని. ఎవరి కంతు ఆలస్యమైనా జరిమానా వాళ్లకే, ఎవరి ఇంట్లో అవసరం వచ్చినా మిగతా ముగ్గురిని అడగాల్సిన పనిలేదు. స్నేహంలో డబ్బు మాట ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

తెలివితక్కువ పని కూడా ఒకటి చేశాం. మే నెలలో తెరిచిన ఖాతా మే నెలలోనే ముగుస్తుంది, ప్రయాణమూ మే నెలలోనే. విమానం టిక్కెట్ల కోసం ఫిబ్రవరిలోనే మనిషికి ముప్పై వేలు అడ్వాన్సు కట్టాలని అప్పటిదాకా తట్టలేదు. ముందుగా మూసేస్తే వడ్డీ తగ్గుతుంది కాబట్టి, నేనూ ఉపాధ్యాయినీ మా డిపాజిట్ల మీదే బ్యాంకులో అప్పు తీసుకున్నాం. కట్టినదాంట్లో 90 శాతం వరకు ఇచ్చారు, వడ్డీ మాత్రం డిపాజిట్ వడ్డీ కంటే కాస్త ఎక్కువ. కొట్టావిడ గల్లాపెట్టెలోంచి తీశారు. గృహిణి స్నేహితురాలు గాజుల జత కుదువపెట్టి, ఆ సంగతి ఇంటికి తిరిగొచ్చి విడిపించుకున్నాక గానీ మాకు చెప్పలేదు.

మరో సంగతి కూడా మా లెక్కలో లేదు. ఖాతా తెరిచేనాటికి సింగపూర్ డాలరు సుమారు 62 రూపాయలు, వెళ్లేనాటికి 66 దగ్గర. మలేషియా రింగిట్ 18 నుంచి 20కి చేరింది. 2023లో 86 వేలు చెప్పిన ఆరు రాత్రుల యాత్రకే 2025లో 98 వేలు చెప్పారు. మా వడ్డీని మారకం రేటూ టిక్కెట్ ధరా కలిసి మింగేశాయి. అయినా వడ్డీ అంటూ ఉంది కాబట్టే మింగడానికి ఏదో దొరికింది. సంస్థ పథకంలో ఉన్నవాళ్లు అదే పెరిగిన ధర కట్టారు, వారికి కలిసొచ్చింది ఆ అయిదు వేలే.

ఇక సంస్థ పనితనం. ధర వివరాలు అడగకుండానే కాగితం మీద విడగొట్టి ఇచ్చారు: యాత్ర 98,000, జీఎస్టీ అయిదు శాతం 4,900, ఆ మొత్తం మీద మూలంలో వసూలు చేసే పన్ను అయిదు శాతం 5,145, వెరసి 1,08,045. ఈ చివరి పన్ను ఖర్చు కాదనీ, పాన్ నంబరు మీద జమై, రిటర్ను వేసినవారికి తిరిగి వస్తుందనీ చెప్పారు. చెప్పనిది ఒకటుంది. అడ్వాన్సు ఫిబ్రవరిలో, బాకీ మే నెలలో కట్టడం వల్ల ఆ 5,145 రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య చీలిపోయింది. ఆదాయమే లేని గృహిణి కూడా ఆ డబ్బు కోసం రెండు రిటర్నులు వేయాలి. మొదటి ముక్క వచ్చింది, రెండోది వచ్చే ఏడాది మాట. మొత్తం ఏప్రిల్ తర్వాతే కట్టించుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

కాగితాల పనిలో మాత్రం వారికి నూటికి నూరు మార్కులు వేస్తాను. మాలో ఇద్దరికి పాస్‌పోర్టే లేదు. శ్రీకాకుళం పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 1,500 రూపాయలతో దరఖాస్తు చేయించింది సంస్థలో పనిచేసే ఒక అమ్మాయే. పదో తరగతి ధ్రువపత్రంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మన ఆడవాళ్లలో ఎందరికో ఉన్న చిక్కు. ఆ అమ్మాయి దాన్ని దరఖాస్తుకు ముందే పట్టుకుంది. టిక్కెట్టు తీసేముందు పాస్‌పోర్టు నకళ్లు తెప్పించుకుని ఒక్కొక్క అక్షరం సరిచూసింది. ఉపాధ్యాయిని విదేశాలకు వెళ్లడానికి శాఖ అనుమతి తీసుకోవాలని గుర్తుచేసిందీ ఆమే. మేం వెళ్లేనాటికి మలేషియాకు మనవారికి వీసా అక్కర్లేదు, అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లోగా ఆన్‌లైన్‌లో రాక వివరాలు నింపితే చాలు. సింగపూర్‌కు వీసా కావాలి, దాన్ని అనుమతి పొందిన ఏజెంట్ల ద్వారా వేయించారు. మేం సింగపూర్ నుంచి బస్సులో మలేషియా వెళ్లి, తిరుగు విమానం కోసం మళ్లీ సింగపూర్ రావాలి కాబట్టి, వచ్చిన వీసా రెండోసారి ప్రవేశానికి పనికొస్తుందో లేదో సరిచూసి మరీ చేతికిచ్చారు.

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. శ్రీకాకుళం నుంచి కారులో, భోగాపురంలో అప్పటికి ఇంకా కడుతున్న విమానాశ్రయం మీదుగానే వెళ్తూ, ఇది తయారయ్యేదాకా ఆగి ఉంటే ఎంత దగ్గరయ్యేదో అనుకున్నాం. సింగపూర్ రోజులు సాఫీగా గడిచాయి. భోజనం మీదే నాకు అసంతృప్తి. భారతీయ భోజనం అన్నది ప్రతి రాత్రీ పనీరు, నానే అయింది. లిటిల్ ఇండియాలో సొంత ఖర్చుతో తిన్న ఇడ్లీ సాంబారే మాకు నచ్చిన భోజనం.

మలేషియాలో రెండు లోపాలు. విదేశీ పర్యాటకుల నుంచి హోటళ్లు గదికి రాత్రికి పది రింగిట్ల పన్ను వసూలు చేస్తాయి, ఆ సంగతి సంస్థ ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. మొత్తం చిన్నదే, కానీ అర్ధరాత్రి బస్సు దిగి కౌంటరు దగ్గర చిల్లర వెతుక్కోవడం చికాకు. రెండోది, బటు గుహలకు కేటాయించిన సమయం ముప్పావు గంట. 272 మెట్లు ఎక్కి, మోకాళ్ల నొప్పులున్న ఇద్దరూ దిగివచ్చేసరికి గుహలో నిలబడింది పది నిమిషాలే. అదే రోజు చాక్లెట్ల దుకాణంలో గంటంపావు ఆపారు. మలయా తోటల పనికి ఒకప్పుడు పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన కుటుంబాల సంతతి ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. ఉత్తరాంధ్ర నుంచి మనుషులను తీసుకెళ్లే సంస్థ ఆ చాక్లెట్ల గంటంపావుకు బదులు అలాంటి ఒక ఇంటి గడప చూపించి ఉంటే, నేను మరో అయిదు వేలు ఎక్కువ కట్టేదాన్ని.

అన్నీ పోగా మనిషికి సుమారు 21 వేలు మిగిలాయి. సింగపూర్ వీసా, విదేశీ డబ్బు, కారు కిరాయి, ఇంటికి తెచ్చిన సామాన్లు అందులోనే సరిపోయాయి. ఆ సంస్థతో మళ్లీ వెళ్తాను. గత నెల అక్కడి అమ్మాయి ఫోన్ చేసి, పథకం షరతులు మార్చారనీ, ఇప్పుడు మినహాయింపు పది శాతమేననీ చెప్పింది. అప్పటికే నలుగురం రెండో డిపాజిట్ తెరిచేశాం. ఈసారి అది జనవరిలో ముగుస్తుంది, ప్రయాణం మే నెలలో.