యాసిడ్ డబ్బా పట్టించింది: ఆటో డోసర్‌తో నాలుగు పంటలు

మా పాలీహౌస్ వికారాబాద్ దగ్గర. ఎకరం. రంగు క్యాప్సికం వేస్తాం, ఎరుపు, పసుపు. జూలై చివర్లో నాటితే మార్చి, ఏప్రిల్ దాకా కోతలు, కాయ హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌కి పోతుంది. మట్టిలో నులిపురుగు పట్టి వేళ్లన్నీ బుడిపెలు కట్టాక అరెకరం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బ్యాగుల్లోకి మార్చాను, మిగతా అరెకరం ఇంకా మట్టి బెడ్ల మీదే ఉంది. అదే ఏడాది ఎరువు నీళ్లు తనే కలిపి, తనే డ్రిప్‌కి వదిలే యూనిట్, అంటే ఆటో డోసర్, పెట్టించాను. ఇప్పటికి నాలుగు పంటలు తీశాను. కంపెనీ పేరు రాయను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పైగా ఈ తరహా యూనిట్లన్నీ లోపల ఇంచుమించు ఒకటే.

మాది మూడు చానళ్లది. “ఏ” ట్యాంకు, “బీ” ట్యాంకు ఎరువులవి, మూడోది యాసిడ్‌ది. మోటారు నడుస్తుంటే మూడు వెంచురీలు (నీటి ఒరవడితో ద్రావణాన్ని లాక్కునే గొట్టాలు) మూడింటి నుంచి పీల్చుకుంటాయి. ఒక్కోదానికి ఒక చిన్న వాల్వు, టక్ టక్‌మని తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ముందుకు పోయే పైపులో ఈసీ, పీహెచ్ సెన్సార్లు ఉంటాయి. ఈసీ అంటే నీళ్లలో ఉప్పూ ఎరువూ ఎంత కరిగి ఉందో చెప్పే అంకె, పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అవి చెప్పిన అంకె చూసి కంట్రోలర్ వాల్వుల వేగం మారుస్తుంది. నాలుగు సెక్షన్ వాల్వులు, పైకప్పు మీద ఎండ కొలిచే సెన్సారు, ఫోన్లో యాప్. ఫిల్టర్లు, ట్యాంకులు, ప్లంబింగు అన్నీ కలిపి ఐదు లక్షలు దాటింది.

డ్రిప్‌లో ఎరువు వదలడం అన్న మాట నేను మొదట విన్నది 1990ల చివర్లో, కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం గురించి పేపర్లు రాసిన రోజుల్లో. అప్పుడు అదేదో విమానం నడిపే విద్యలా అనిపించింది. తీరా నా పాలీహౌస్‌లో మొదటి రెండేళ్లు ఏం చేశానంటే, మూడు పంతొమ్మిదులు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు) ఒక బకెట్లో కలిపి, వెంచురీ గొట్టం అందులో పడేసి, బకెట్ ఖాళీ అయ్యేదాకా నిలబడటం. అది మట్టి బెడ్లకు సరిపోయింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ సరిపోతుంది. మా మట్టి సగంలో ఈ యూనిట్ వల్ల దిగుబడిలో నాకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. మట్టి పులుపునీ ఉప్పునీ తనలో దాచుకుని మన తప్పుల్ని కొన్ని రోజులు మోస్తుంది. మట్టిలో పండించేవాళ్లు ఐదు లక్షలు పెట్టక్కర్లేదు. మంచి వెంచురీ, చేతిలో పట్టుకునే ఈసీ పీహెచ్ మీటరు, ఒక నోటుబుక్కు చాలు.

కోకోపీట్ సంగతి వేరు. మొక్కకు దక్కేది నాలుగైదు లీటర్ల పీచు. పొద్దున ఇచ్చింది మధ్యాహ్నానికి అయిపోతుంది. మునుపు రోజుకు రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు వదిలేవాళ్లం. ఇప్పుడు మార్చి ఎండల్లో రోజుకు పదమూడు, పద్నాలుగు తడులు, ఒక్కోటి మూడు నిమిషాలు. గంటకు రెండు లీటర్ల డ్రిప్పరు కాబట్టి తడికి మొక్కకు వంద మిల్లీలీటర్లు. అదే జూలై ముసురులో నాలుగైదు తడులతో ఆగిపోతుంది, ఎందుకంటే లెక్క గడియారం మీద కాదు, ఎండ మీద. పైనున్న సెన్సారు పడ్డ ఎండను కూడుకుంటూ పోయి, మనం పెట్టిన అంకె నిండగానే ఒక తడి ఇస్తుంది. ఈ ఒక్క పని కోసమే యూనిట్ కొనొచ్చు అంటాను. మనిషిని పెట్టి రోజుకు పద్నాలుగుసార్లు వాల్వు తిప్పించలేం. తిప్పించినా మబ్బు పట్టిన రోజున తగ్గించాలని ఎవరికి గుర్తుంటుంది?

రెండో పంటలో ఉన్నట్టుండి తడులు తగ్గిపోయాయి. ఎండ మండుతోంది, యంత్రమేమో ఆరు తడులతో సరిపెట్టింది. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే సెన్సారు గాజు మీద కాకి రెట్ట. యంత్రం దృష్టిలో ఆ రోజంతా మబ్బే. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తడిగుడ్డతో తుడవడం ఒక పని అయింది.

చిన్న తడులు పెట్టుకునేవాళ్లు డ్రిప్పర్ల విషయం ముందే తేల్చుకోవాలి. వరుసల వెంట వేసిన మా మొదటి లేటరల్ పైపుల్లో ఉన్నవి మామూలు డ్రిప్పర్లు. తడి ఆగిన ప్రతిసారీ పైపులో మిగిలిన నీళ్లన్నీ పల్లం వైపు మొక్కలకు కారేవి. ఇరవై నిమిషాల తడిలో ఆ కారేది లెక్కలోకి రాదు. మూడు నిమిషాల తడి రోజుకు పద్నాలుగుసార్లు అంటే పల్లం వరుసల్లో బురద, మెరక వరుసల్లో మొక్కలు వాడిపోవడం. ఒత్తిడి ఆగగానే మూసుకునే రకం డ్రిప్పర్లు మార్చాక గానీ సర్దుకోలేదు. యూనిట్ అమ్మినాయన ఈ ముక్క చెప్పలేదు.

ఇక అసలు కథ నీళ్లది. ఈ యంత్రాల వెనకున్న ఆలోచన చాలావరకు హాలండ్ గ్రీన్‌హౌస్‌ల నుంచి వచ్చింది. వాళ్లు పైకప్పు మీద పడిన వాన నీటిని కుంటల్లో పట్టుకుని వాడతారు. అందులో ఉప్పు లేదు, సున్నం లేదు. మా బోరు నీళ్ల ఈసీ 0.9. బైకార్బొనేట్, అంటే యాసిడ్‌ను మింగేసి పీహెచ్‌ను దిగనివ్వని ఉప్పు, లీటరుకు 300 మిల్లీగ్రాముల పైన. కంట్రోలర్‌తో పాటు ఇచ్చిన క్యాప్సికం చార్టు వాన నీటికి రాసింది, మా బోరుకు కాదు. నీళ్ల పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, బోరులో ఇప్పటికే ఉన్న కాల్షియం, మెగ్నీషియం తీసేసి లెక్క మళ్లీ వేయించుకోవడానికి నాకు ఒక పంట పట్టింది. అప్పటిదాకా చేసిన తప్పుల్లో పెద్దది యాసిడ్‌లో ఉన్న నత్రజనిని మరిచిపోవడం. మా నీళ్ల పీహెచ్ 5.8కి దించాలంటే నైట్రిక్ యాసిడ్ ఎంత పోయాలో అంత పోస్తే, లీటరుకు 55 మిల్లీగ్రాముల దాకా నత్రజని దాంతోనే వచ్చేస్తుంది. దాన్ని లెక్కలో వేయక పైనుంచి మామూలు డోసు ఇచ్చాను. మొక్కలు ఆకు మీద ఆకు వేసి తోటకూరలా ఎదిగాయి, కాయ మాత్రం ఆలస్యం.

ట్యాంకుల సంగతి తెలిసినవాళ్లకు తెలిసిందే, అయినా రాస్తాను, ఎందుకంటే నాకు తెలిసి కూడా జరిగింది. ఏ ట్యాంకులో కాల్షియం నైట్రేట్, ఐరన్. బీ ట్యాంకులో మెగ్నీషియం సల్ఫేట్, 0-52-34, 0-0-50 లాంటి భాస్వరం, పొటాష్ ఎరువులు. చిక్కటి ద్రావణంలో కాల్షియం, సల్ఫేటు కలిస్తే జిప్సం అయి కూర్చుంటుంది. వంద లీటర్ల నీళ్లకు ఒక లీటరు లెక్కన వదిలేంత చిక్కగా మేం కలుపుతాం. ఐదు వందల లీటర్ల ఏ ట్యాంకుకు 45 కిలోల కాల్షియం నైట్రేట్. ఒక పండగ రోజు కొత్తగా వచ్చిన కుర్రాడు మెగ్నీషియం సల్ఫేట్ బస్తా ఏ ట్యాంకులో కుమ్మరించాడు. రెండూ తెల్లటి పలుకులే కదా. ట్యాంకు మజ్జిగలా అయింది. అదృష్టం, వెంచురీ జల్లెడ పూడుకుపోయి ఈసీ పడిపోయింది, యంత్రం అలారం కొట్టి ఆగింది. లేకపోతే ఐదు వేల పైచిలుకు డ్రిప్పర్లు పోయేవి. ఇప్పుడు ఏ ట్యాంకుకు నీలం, బీకి ఎరుపు రంగు వేసి, బస్తాల మీద కూడా అదే రంగు గీత కొట్టిస్తున్నాం. యాప్ అంతా ఇంగ్లిషే. తోటలో పనిచేసేవాళ్లకు దాంతో పని లేదు, రంగుతోనే పని.

ఇప్పుడు పీహెచ్ గొడవ. మూడో పంట, డిసెంబరు. తెర మీద పీహెచ్ 5.8, ఈసీ 2.1. రోజూ అవే అంకెలు, గీత గీసినట్టు. నేను హాయిగా ఉన్నాను. మా దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరోజు పొద్దున్నే వచ్చి, “సారూ, యాసిడ్ సోమారం నింపినం గదా. నాలుగు రోజులు రావాలె. ఇయ్యాల్టికే అడుగంటింది” అన్నాడు. వంద లీటర్ల డబ్బా, నీళ్లలో పది లీటర్ల యాసిడ్ పోసి కలిపింది. (నీళ్లలోకి యాసిడ్. యాసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ కాదు.) నాలుగు రోజులది మూడు రోజులకు అయిపోయింది. లీకేజీ ఏమో చూడమని నేను కొట్టిపారేశాను. రెండోసారి కూడా మూడు రోజులే. అప్పుడు చేతి మీటరుతో డ్రిప్పర్ కింద నీళ్లు పట్టి చూశాను. 4.1.

పీహెచ్ సెన్సారు ప్రోబు (నీళ్లలో మునిగి ఉండే కడ్డీ) గాజు మీద సన్నటి పొర పేరుకుంది. అసలు పీహెచ్ 5.8కి వచ్చినా ప్రోబు ఇంకా ఎక్కువే చూపిస్తోంది, యంత్రం ఇంకాస్త యాసిడ్ లాగుతోంది, తెర మీద 5.8 వచ్చేదాకా. ఇందులో ఒక మెలిక ఉంది. 5.8 దగ్గర మా నీళ్లలో బైకార్బొనేట్ ఐదో వంతు మాత్రమే మిగిలి ఉంటుంది. అదే ఆఖరి అడ్డుకట్ట. ఇంకో పావు వంతు యాసిడ్ పడితే అదీ పోతుంది, ఆ తర్వాత పీహెచ్ బావిలో పడ్డ బకెట్‌లా దిగుతుంది. అందుకే డబ్బాలో తేడా ఒక్క రోజే, వేరు దగ్గర తేడా మాత్రం అంత. బ్యాగు చింపి చూస్తే వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. తర్వాతి కోతలో కాయ కింది మొనకు మచ్చలు. కాల్షియం ట్యాంకులో ఉంది, నీళ్లలో ఉంది, కాయకే అందలేదు. ఆ మచ్చ కాయలు రెండో రకం కింద పోయాయి, రెండు వారాల కోతలు.

తప్పు యంత్రానిది అనలేను. ప్రతి వారం ప్రోబు తీసి, కడిగి, 7.00, 4.01 బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో) సరిచూడాలని పుస్తకంలో రాసే ఉంది. నేను నెలకోసారి చేస్తున్నాను. మొదటి ఏడాదైతే ఇంకా ఘనకార్యం చేశాను. పంట అయిపోయాక ప్రోబు శుభ్రంగా ఉంటుందని డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టాను. అలా పెడితే చచ్చిపోతుంది, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. నాలుగేళ్లలో మూడు ప్రోబులు మార్చాను. ఈసీ సెన్సారు మాత్రం మొదటిదే, ఈసీ 1.413 అని తెలిసిన ద్రావణంలో చూసుకుంటే ఇప్పటికీ నిజమే చెబుతోంది. ఇప్పుడు యాసిడ్ డబ్బా మీద మార్కర్‌తో గీతలున్నాయి, పక్కన తేదీలు. పెద్దాయన రాస్తాడు. అలారం కన్నా ముందు నేను చూసేది ఆ గీతల్నే.

కరెంటు. తెలంగాణలో సేద్యానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది కాబట్టి పగలంతా చిన్న చిన్న తడులు అన్నది మాకు సాధ్యమైంది. కానీ ఓల్టేజీ ఎగుడుదిగుడు, వేసవి ఉరుములు వేరే సంగతి. ఒక పిడుగుకు కంట్రోలర్ బోర్డు మాడింది. పంట చివర్లో కాబట్టి బతికాను. కొత్త బోర్డు రావడానికి పదకొండు రోజులు. సర్వీసుకు ఫోన్ చేస్తే “టికెట్ రైజ్ అయింది సార్” అన్న మాట తప్ప ఇంకోటి లేదు. ఆ పదకొండు రోజులు మమ్మల్ని నిలబెట్టింది యూనిట్ పక్కనుంచి వేసుకున్న పాత వెంచురీ లైను. మా ప్లంబరు పట్టుబట్టి వేయించాడు, అప్పుడు ఎందుకు దండగ అని గొణిగాను. స్టెబిలైజరు, పిడుగు రక్షణ, యూపీఎస్ తర్వాత పెట్టించుకున్నాను, వాటితో కలిపే ధర చూసుకోండి. ఇంకో చిన్న విషయం, అలారం సందేశాలు పంపే సిమ్‌కు రీచార్జ్ అయిపోతే యంత్రం మూగది అవుతుంది, ఆ సంగతి కూడా చెప్పదు.

ఎరువు ఖర్చు తగ్గిందా అని అందరూ అడుగుతారు. నా నోటుబుక్కు ప్రకారం తగ్గలేదు. నీటిలో కరిగే ఖరీదైన ఎరువులకు మారాం కాబట్టి కొంచెం పెరిగింది కూడా. లాభం వచ్చింది కాయ ఒకే సైజులో రావడం వల్ల. పల్లం వరుసలకూ మెరక వరుసలకూ తేడా పోయింది, మొదటి రకం పెట్టెలు పెరిగాయి. ఇంకోటి, బ్యాగు అడుగు నుంచి కారే నీళ్లు కొలవడం అలవాటైంది. ఇచ్చినదాంట్లో పాతిక శాతం కారుతోందా, దాని ఈసీ 2.8 దాటుతోందా. దాటితే వేసవిలో ఇచ్చే ఈసీ 1.8కి దించేస్తాను, ఎందుకంటే ఎండలో మొక్క నీళ్లే ఎక్కువ తాగి ఉప్పును వదిలేస్తుంది. ఈ కొలత మాత్రం యంత్రం చేయదు. రెండు బ్యాగుల కింద రేకు ట్రే, ఒక కొలగ్లాసు.

పోయిన ఏడాది పాలీహౌస్ గట్టర్ల నీళ్లు షీటు పరిచిన ఫారం పాండ్‌లోకి మళ్లించాను. ఎకరం పైకప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్లు. బోరు నీళ్లతో సగం సగం కలిపితే యాసిడ్ సగానికి తగ్గింది. సంతోషించేలోపే పీహెచ్ ఊగిసలాట మొదలైంది, 5.2, 6.6, మళ్లీ 5.2. నీళ్లలో అడ్డుకట్ట తగ్గేసరికి పాత పోతకు యాసిడ్ ఒక్కో చుక్కా ఎక్కువైపోతోంది. డబ్బాలో పది లీటర్ల బదులు నాలుగు లీటర్లు పోసి పలచన చేశాక, కంట్రోలర్‌లో స్పందన వేగం తగ్గించాక కుదుటపడింది.

ఈ జూలైలో మిగతా అరెకరం కూడా కోకోపీట్‌లోకి మారుస్తున్నాను. కంట్రోలర్ అదే ఉంటుంది. కొనేది ఒక్క రెండో పీహెచ్ ప్రోబు. మొదటిదాని పక్కనే బిగించి, రెండింటికీ 0.3 తేడా వస్తే యాసిడ్ వాల్వు మూసుకునేలా పెట్టిస్తున్నాను. మొన్న ఆ మాట చెబితే పెద్దాయన నవ్వి, “రెండూ ఒక్కతీరే చెడితే, సారూ?” అన్నాడు. డబ్బా మీద గీతలు అలాగే ఉంచమన్నాను.