కెల్లీ క్లార్క్‌సన్ ‘థ్యాంక్‌ఫుల్’: పోటీ చేతికిచ్చిన పాటలు, గొంతు వెతుక్కున్న పాటలు

2002 సెప్టెంబరు 4న ‘అమెరికన్ ఐడల్’ అనే టీవీ పాటల పోటీ మొదటి సీజన్ విజేతగా కెల్లీ క్లార్క్‌సన్ పేరు ప్రకటించే నాటికే, విజేత మొదటి సింగిల్‌లో (ఆల్బమ్‌కు ముందు విడిగా విడుదల చేసే డిస్కులో) ఏ పాటలుండాలో నిర్ణయమైపోయింది. ‘ఎ మూమెంట్ లైక్ దిస్’, ‘బిఫోర్ యువర్ లవ్’ అనే ఆ రెండు పాటలనూ తుదిపోరు వేదికపై ఆమె పాడింది, ఆమెతో తలపడిన జస్టిన్ గ్వారీనీ కూడా పాడాడు. అంటే గెలుపు ఎవరిదైనా పాట మాత్రం అదే. యార్గెన్ ఎలాఫ్సన్, జాన్ రీడ్ రాసిన ‘ఎ మూమెంట్ లైక్ దిస్’ విడుదలైన కొద్ది వారాలకే అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 52వ స్థానం నుంచి ఒక్కసారిగా మొదటి స్థానానికి ఎగబాకి, 1964 నుంచి బీటిల్స్ పేరిట ఉన్న రికార్డును చెరిపేసింది. నాలుగేళ్ల తరువాత బ్రిటన్‌లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ గెలిచిన లియోనా లూయిస్ చేతికీ ఇదే పాటను అందిస్తే, అక్కడా అది మొదటి స్థానంలోనే నిలిచింది. రెడీమేడ్ చొక్కా లాంటి పాట అది; ఎవరికి తొడిగినా సరిపోతుంది, ఎవరి కొలతకూ కుట్టింది కాదు.

క్లార్క్‌సన్ తొలి ఆల్బమ్ ‘థ్యాంక్‌ఫుల్’ను ఈ సంగతి దృష్టిలో ఉంచుకుని వినాలి. 2003 ఏప్రిల్ 15న ఆర్‌సీఏ సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌లో పన్నెండు పాటలున్నాయి. పోటీ చేతికిచ్చిన పై రెండు పాటలూ పదకొండు, పన్నెండు స్థానాల్లో, అంటే చిట్టచివర ఉన్నాయి. దేశమంతటికీ తెలిసిన పాటను ముందు పెట్టి శ్రోతను లోపలికి పిలవడమే వ్యాపారపరంగా సులువైన మార్గం. అలా చేయకుండా వాటిని చివరికి జరపడంలోనే ఈ ఆల్బమ్ ఏం కావాలనుకుందో కొంత తెలుస్తుంది. అనుకున్నది పూర్తిగా సాధించిందా అంటే, నా లెక్కలో సగానికి కాస్త ఎక్కువే సాధించింది.

మొదటి పాట ‘ద ట్రబుల్ విత్ లవ్ ఈజ్’ నల్లజాతి అమెరికన్ల పాతకాలపు సోల్ సంగీతపు నడకలో మెల్లగా ఊగుతూ సాగుతుంది. కార్ల్ స్టర్కెన్, ఎవన్ రోజర్స్‌లతో కలిసి క్లార్క్‌సన్ కూడా దీని రచనలో పాలుపంచుకుంది. ప్రేమ మనిషిని ఎలా లొంగదీస్తుందో చెప్పే సాహిత్యంలో కొత్త విషయమేమీ లేదు, వినవలసింది గొంతునే. చరణాల్లో స్వరాన్ని అదుపులో పెట్టుకుని, పల్లవి దగ్గర ఒక్కసారిగా తెరిచి, చివరికి వచ్చేసరికి గరుకుదనాన్ని కూడా దాచకుండా పాడుతుంది. ఆడిషన్‌లో ‘ఎట్ లాస్ట్’ పాడి న్యాయనిర్ణేతలను మెప్పించిన అమ్మాయి ఇక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. పోటీ వేదికపై ప్రతి వారం ఇతరుల పాటలను కత్తిరించి పాడవలసి రావడం వల్ల గాయకులకు ఒక అలవాటు పడుతుంది: పాట మొదలైన కాసేపటికే పైస్థాయికి వెళ్లి బలమంతా చూపించేయాలన్న తొందర. ఈ పాటలో ఆ తొందర లేదు, మిగతా ఆల్బమ్ గురించి అదే మాట అనలేం.

‘మిస్ ఇండిపెండెంట్’ దగ్గర మాత్రం ఆగి మాట్లాడుకోవాలి. పాప్ గాయని క్రిస్టినా అగిలేరా, నిర్మాత రెట్ లారెన్స్ కలిసి మొదలుపెట్టి అసంపూర్తిగా వదిలిన ఈ పాటను క్లార్క్‌సన్, మాట్ మోరిస్ పూర్తి చేశారు. రచయితల జాబితాలో నలుగురి పేర్లూ ఉన్నాయి. వేరొకరి ఆల్బమ్ కోసం పుట్టిన పాట కాబట్టి ఇదీ అరువు చొక్కాయే కావలసింది, అలా కాలేదు. గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరగుచ్ఛం) ఒకటి అడ్డంగా దూసుకొస్తుంటే, కింద ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) తాళం విరిగి విరిగి నడుస్తుంది. ఆ రెండింటి మధ్య మిగిలిన ఇరుకు సందులో గొంతు చురుగ్గా కదులుతుంది. సాహిత్యపు నిర్మాణం కూడా గమనించదగ్గది. ఎవరి అవసరమూ లేదని, ఎవరినీ దగ్గరికి రానివ్వనని భీష్మించుకున్న ఒక స్త్రీని చరణం బయటి నుంచి చూసి, ‘ఆమె’ అన్నట్టుగా వర్ణిస్తుంది. పల్లవిలోకి రాగానే ఆ వర్ణన ‘నేను’గా మారిపోయి, తనను కమ్ముకుంటున్న భావం ఏమిటో తనకే అర్థం కాక అడుగుతుంది. చరణంలో కాస్త వెక్కిరింపు, పల్లవిలో కాస్త బెదురు వినిపించేలా క్లార్క్‌సన్ స్వరాన్ని మార్చింది. ఉత్తమ మహిళా పాప్ గాత్రం విభాగంలో గ్రామీ నామినేషన్ దీనికి దక్కడం ఆశ్చర్యమేమీ కాదు. తుదిపోరులో ఎవరికైనా ఇచ్చి పాడించగల పాట కాదిది.

తరువాతి ‘లో’ గిటార్ల మీద నడిచే రాక్ పాట. వదిలి వెళ్లిన మనిషి మీది కోపాన్ని ఏడుపుగా మార్చకుండా, తలెత్తి అడుగుతున్నట్టుగా ఉంటుంది. ‘జస్ట్ మిస్డ్ ద ట్రెయిన్’ అంతకుముందే ఇతరులు పాడినది. అయినా నిద్రలేవని ప్రేమికుడిని చూస్తూ వెళ్లిపోవలసిన ఘడియను నిబ్బరంగా చెప్పే ఆ కథ ఆమె గొంతులో చక్కగా ఇమిడింది. ఈ రెండూ విన్నాక, రాక్ వైపు ఒరిగినప్పుడే ఈ గాయని ఊపిరి సరిగా తీసుకుంటుందని అనిపిస్తుంది. 2004లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘బ్రేక్‌అవే’ పూర్తిగా ఆ దారినే పట్టి, రెండు గ్రామీలు గెలుచుకుంది. ఆ దారి మొదలు ఇక్కడే ఉంది.

ఇక నాకు నచ్చనివి. పేరున్న పాటల రచయిత్రి డయాన్ వారెన్ పేరు చూసి ఎంతో ఆశించిన ‘సమ్ కైండ్ ఆఫ్ మిరకిల్’ మర్యాదగా మొదలై, మర్యాదగా ముగుస్తుంది. మధ్యలో ఎక్కడా మనల్ని పట్టుకోదు. ‘ఎనీటైమ్’ దానికి చెల్లెలు. ఒంటరితనాన్ని ఇంటికొచ్చిన పాత పరిచయస్తుడిలా పలకరించే ‘వాట్స్ అప్ లోన్లీ’లో ఆలోచన బాగుంది, కానీ ఆ రోజుల్లో రేడియోలో ప్రతి గంటా వినిపించిన తరహా తాళవాద్యాల కూర్పు దానిని మామూలుదానిని చేసింది. క్లార్క్‌సన్ వయసు అప్పటికి ఇరవై. ఆమె ఏ శ్రోతకు చెందుతుందో నిర్మాతలు ఇంకా తేల్చుకోలేదన్నది ఇలాంటి పాటల్లో తెలిసిపోతుంది. సోల్ అభిమానికి ఒకటి, రాక్ అభిమానికి ఒకటి, ఇంటిల్లిపాదీ కలిసి టెలివిజన్ చూసిన కుటుంబానికి ఒకటి అని పంచిపెట్టినట్టుంది. క్లైవ్ డేవిస్ వంటి సంగీత పరిశ్రమలో చేయి తిరిగిన పెద్దమనిషి పర్యవేక్షణలో తయారైన ఆల్బమ్‌లో ఈ జంకు ఉండటమే కాస్త వింత.

ఆ జంకు ఎంత నష్టం చేసిందో చూపే పాట ‘బ్యూటిఫుల్ డిజాస్టర్’. తనను తానే కూల్చుకుంటున్న ఒక మనిషిని ప్రేమించి, అతడిని నిలబెట్టగలనో లేదో తెలియక నలిగిపోయే స్త్రీ మాటలవి. ఆల్బమ్ మొత్తంలో ఇంత బరువున్న సాహిత్యం మరొకటి లేదు. కానీ ఈ స్టూడియో రూపంలో తాళవాద్యాలూ అదనపు శబ్దాలూ గొంతు చుట్టూ గుమిగూడి, ఆ మాటలను వినబడనివ్వవు. ‘బ్రేక్‌అవే’ ఆల్బమ్ చివర ఇదే పాటను ప్రత్యక్ష కచేరీ రూపంలో, పియానో ఆసరాతో మళ్లీ చేర్చారు. ఆ రెండింటినీ వెంటవెంటనే వినండి. గొంతు అదే, బాణీ అదే. చుట్టూ ఉన్న హడావుడి తీసేయగానే ప్రతి మాటకూ అర్థం వస్తుంది. 2003లోనే ఆ పని చేసి ఉంటే ఈ ఆల్బమ్ గురించి మరోలా రాయవలసి వచ్చేది.

‘యూ థాట్ రాంగ్’లో అదే సీజన్‌లో నాలుగో స్థానంలో నిలిచిన తమైరా గ్రే గొంతు కలిపింది. ఒకే మగవాడు ఇద్దరినీ మోసగించాడని తెలుసుకున్న స్త్రీలు ఒకరితో ఒకరు పోట్లాడుకోకుండా, కలిసి అతడినే నిలదీసే పాట ఇది. పోటీలో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు ఇక్కడ ఒకే పక్షాన పాడుతుంటే వినడం సరదాగా ఉంటుంది, పాట అంత గొప్పది కాకపోయినా. ఆల్బమ్‌కు పేరిచ్చిన ‘థ్యాంక్‌ఫుల్’ నెమ్మదైన ఆర్ అండ్ బీ పాట. హాయిగా ఉంటుంది, విన్నంతసేపే గుర్తుంటుంది.

చివరి రెండు పాటల సంగతికొస్తే, క్లార్క్‌సన్ వాటిని అద్భుతంగా పాడింది. ఆ మాటలో సందేహం లేదు. ‘ఎ మూమెంట్ లైక్ దిస్’ చివర్లో శ్రుతి పెరిగే చోట ఆమె నిలిపే స్వరం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. చిక్కల్లా ఆ పాటలో పాడవలసినదంతా ఆ ఒక్క చోటే ఉండటం. అప్పటి అమెరికన్ శ్రోతలకు ఇలాంటి తేడాలేవీ పట్టలేదేమో, ఆల్బమ్ తొలి వారంలోనే 2,97,000 ప్రతులు అమ్ముడై ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానం దక్కించుకుంది.

ఇప్పుడు కొత్తగా వినేవారు పన్నెండు పాటలనూ వరుసగా వినవలసిన పని లేదు. మొదటి మూడు పాటలు, ఆపైన ‘జస్ట్ మిస్డ్ ద ట్రెయిన్’, ‘బ్యూటిఫుల్ డిజాస్టర్’, ‘యూ థాట్ రాంగ్’ వింటే చాలు. వాటిలో రెండైనా మళ్లీ వినాలనిపిస్తే ‘బ్రేక్‌అవే’కు వెళ్లండి, ‘ఎ మూమెంట్ లైక్ దిస్’ ఒక్కటే నచ్చినవారికి మాత్రం ఆ రెండో ఆల్బమ్ అంతగా రుచించకపోవచ్చు.