ప్రైమ్95: రోజుల తరబడి లెక్కించి ‘కాదు’ అని చెప్పే ప్రోగ్రామ్

అతిపెద్ద ప్రధాన సంఖ్యల వేటలో మన కంప్యూటర్‌ను కూడా చేర్చే ఉచిత ప్రోగ్రామ్ ఇది. ఈ వేటను ఇంటర్నెట్ ద్వారా అందరితో కలిసి నడిపే గింప్స్ ప్రాజెక్టును 1996లో మొదలుపెట్టిన జార్జ్ వోల్ట్‌మన్ రాసిందే. తెరమీద చూడటానికి ఏమీ ఉండదు, పైకి జరిగే వరుసలు, వాటిలో పూర్తయిన పని శాతం, అంతే. నాకు అది చాలు.

గింప్స్ సర్వర్ ఒక ఘాతం పంపుతుంది. ఆ ఘాతం ఎంతో అన్ని 2లను గుణించి 1 తీసేస్తే వచ్చేది ప్రధానమా కాదా తేల్చాలి. ఘాతం ప్రధాన సంఖ్య అయితేనే ఆశ, అయినా హామీ లేదు. 11 ప్రధానమే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఈ రెండు కారణాంకాలనూ 22తో భాగించి చూడండి, శేషం 1. ఘాతం బేసి ప్రధానమైనప్పుడు ఏ కారణాంకమైనా ఘాతానికి రెట్టింపుతో భాగిస్తే 1 మిగిల్చి తీరాలి. ముందు ఈ జల్లెడ పడతారు. ఏమీ దొరక్కపోతేనే అసలు పరీక్ష.

ఆ పరీక్షే నాకు విసుగు పుట్టనివ్వదు. ల్యూకాస్-లెహ్మర్ పద్ధతిని కాగితం మీదే చేసి చూడవచ్చు. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఘాతం కంటే రెండు తక్కువసార్లు ఇలా చేశాక సున్నా వస్తే అది ప్రధానం. 31కి (ఘాతం 5) ఆ వరుస 4, 14, 8, 0. సున్నా రాకపోతే సంయుక్తమని తేలిపోతుంది, కానీ ఏది భాగిస్తుందో తెలియదు! 2⁶⁷ − 1 ప్రధానం కాదని 1876లోనే ల్యూకాస్ కారణాంకం చూపకుండా తేల్చాడు. అది 193707721 × 761838257287 అని ఫ్రాంక్ కోల్ చూపేసరికి 1903 వచ్చింది. ప్రైమ్95 ఇచ్చే జవాబుల్లో దాదాపు అన్నీ ఈ తరహావే.

ఇప్పుడు ముందుగా నడిచేది ఫెర్మా పరీక్ష, సంఖ్య ప్రధానం అయ్యే అవకాశం ఉందా అని చూసేది. యంత్రం చేసే తప్పులను మధ్యలోనే పట్టేసే గెర్బిక్జ్ తనిఖీ అందులో ఉండటమే కారణం. చివర్లో తయారయ్యే రుజువు ఫైలును మరో కంప్యూటర్ కొద్ది శ్రమతోనే సరిచూస్తుంది. ఇదివరకు పరీక్ష మొత్తం ఇంకొకరు మళ్లీ చేయాల్సి వచ్చేది. బదులుగా డిస్కులో కొన్ని గిగాబైట్లు తాత్కాలికంగా వదలాలి, న్యాయమైన బేరమే.

వేడి, కరెంటు ఖర్చు తప్పవు. నేను నాలుగు కోర్లలో రెండే ఇస్తాను, లేకపోతే ఫ్యాను హోరులో పక్కన కూర్చోలేను. ఆ వేడి కోసమే దీన్ని పెట్టుకునేవారూ చాలామంది, కొత్త ప్రాసెసర్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చూడటానికి. వాళ్లకు ప్రధాన సంఖ్యలతో పనే లేదు.

రికార్డు మీద ఆశతో మాత్రం వద్దు. 2024 అక్టోబరులో లూక్ డ్యూరాంట్ కనుగొన్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. ద్విసంఖ్యామానంలో అది మొత్తం ఒకట్లే, ఒక్క సున్నా లేదు. దాన్ని పట్టుకున్నవి గ్రాఫిక్స్ ప్రాసెసర్లు. పాత యంత్రం ఉంటే చిన్న ఘాతాలకు కారణాంకాలు వెతికే పని ఎంచుకోండి. అక్కడ ఏదైనా దొరికితే భాగించి మీరే సరిచూసుకోవచ్చు.