బోడియం కోట: శిథిలాన్ని శిథిలంగానే కాపాడిన చోటు

ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ససెక్స్ పల్లెసీమలో, నిండు కందకం మధ్య నిలిచిన బోడియం కోటను చూడదలచినవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. నాలుగు మూలలా గుండ్రని బురుజులతో బయటికి చెక్కుచెదరనట్టు కనిపించే ఈ కోట లోపల మిగిలినవి చాలావరకు పైకప్పు లేని గోడలే. అలంకరించిన మందిరాలను ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. కోట ఎలా కట్టారో, అందులో ఎలా బతికారో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి మాత్రం ఇంతకంటే మంచి చోటు నా ఎరుకలో లేదు.

ఫ్రాన్సు యుద్ధాలలో పాల్గొన్న సర్ ఎడ్వర్డ్ డాలింగ్‌రిడ్జ్ 1385లో రెండవ రిచర్డ్ రాజు అనుమతి పొంది దీనిని కట్టించాడు. 17వ శతాబ్దంలో లోపలి కట్టడాలను కూల్చివేశారు. 1829లో ఆ ప్రాంతపు భూస్వామి జాన్ ఫుల్లర్ కొనడం వల్ల మిగిలినదైనా దక్కింది. మన దేశంలో వైస్రాయిగా ఉండగా 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చిన లార్డ్ కర్జనే తరువాతి కాలంలో ఈ కోటనూ కొని, కందకంలోని నీటిని తోడించి, తవ్వకాలు జరిపించి, గోడలను బాగు చేయించాడు. 1925లో ఆయన మరణంతో ఇది, చారిత్రక స్థలాలను కాపాడే బ్రిటన్ స్వచ్ఛంద సంస్థ నేషనల్ ట్రస్టుకు దక్కింది. బంగాళా విభజనతో ఆయన మిగిల్చిన చేదును మరచిపోనవసరం లేదు గాని, పడిపోయిన గదులను ఊహతో తిరిగి కట్టించకుండా, ఉన్నదాన్ని నిలబెట్టి ఆగిన ఆ సంయమనాన్ని మెచ్చుకోక తప్పదు.

ఆ సంయమనం విలువ లోపల అడుగడుగునా తెలుస్తుంది. అంతస్తుల నేలలు పోవడంతో పై గదుల పొయ్యిగూళ్లు గోడ మధ్యలో వేలాడుతున్నట్టుంటాయి. వాటిని బట్టి ఏ గది ఎంత ఎత్తున ఉండేదో మనమే లెక్క కట్టుకోవచ్చు. భోజనశాల చివర పక్కపక్కనే మూడు రాతి తోరణాలున్నాయి. ఒకటి వంటశాలకు వెళ్లే దారి, మిగతా రెండూ రొట్టెలు, పానీయాలు ఉంచే గదులవి. నైరుతి బురుజు అడుగున బావి ఉంది. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగవలసింది ఉత్తరపు సింహద్వారం దగ్గర: పైనుంచి కిందికి జారే కర్ర జాలీ తలుపు, దానికి తాపిన ఇనుప రేకులతో సహా, ఇప్పటికీ అక్కడే ఉంది. దాని వెనుక కప్పులో, శత్రువుల మీద రాళ్లు కుమ్మరించడానికి వీలుగా, గుండ్రని రంధ్రాలు కనిపిస్తాయి.

ఇది నిజంగా యుద్ధం కోసం కట్టినదా, హోదా చాటుకోవడానికి కట్టిన భవంతా అన్న వాదం చరిత్రకారులలో ఇంకా నడుస్తూనే ఉంది. పెద్ద కిటికీలను చూస్తే రెండో మాటే సరైనదనిపిస్తుంది. కాని పాత వంతెన పడమటి గట్టు నుంచి వచ్చి నీటి మధ్య దిబ్బ మీద మలుపు తిరిగేదనీ, వచ్చేవారి పక్కభాగమంతా బురుజుల గురికి అందేదనీ తెలిశాక అంత తేలికగా తీర్పు చెప్పలేము.

బురుజు పైకి వెళ్లే చుట్టుమెట్లు ఇరుకైనవి, అరిగినవి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు కిందనే ఉండిపోవడం మంచిది. టెంటర్‌డెన్ పట్టణం నుంచి బోడియం ఊరి దాకా పాతకాలపు ఆవిరి రైలు వస్తుంది గాని అన్ని రోజులూ నడవదు. వేళలు చూసుకుని బయలుదేరాలి. నేషనల్ ట్రస్టు సభ్యులకు ప్రవేశం ఉచితం.